దిగొద్దన్న నావికుడు

లెఫ్టినెంట్ కమాండర్ చక్రధర్ తొమ్మిదేళ్లుగా నౌకాదళంలో హెలికాప్టర్ నడుపుతున్నాడు. బాగానే నడుపుతాడు. ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలుసు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఆ రోజు నడిసముద్రంలో ఉన్న ఓడ మీద దిగబోతుంటే, డెక్ మీద పైలట్లకి సైగలు చేసే రంగు బ్యాట్లు పట్టుకుని నిలబడ్డ నావికుడు ఎర్రయ్య ‘దిగొద్దు’ అని చేతులు అడ్డంగా ఊపాడు. ఆ సైగ చూశాక ఎంతటివాడైనా పైకి లేవాల్సిందే, అది నియమం. చక్రధర్ లేచి, ఓ చుట్టు తిరిగి వచ్చాడు. ఎర్రయ్య మళ్లీ వద్దన్నాడు. మూడోసారికి గానీ దిగనివ్వలేదు. ఓడలోని జూనియర్ ఆఫీసర్లంతా చూస్తూ నిలబడ్డారు. చక్రధర్‌కి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే ఫిర్యాదు రాసుకుని, తనకి హెలికాప్టర్ నేర్పిన గురువు కమొడోర్ దైవసహాయం దగ్గరికి వెళ్లాడు. ఆయన మామూలు పైలట్‌గా మొదలై, స్క్వాడ్రన్‌ని నడిపి, యుద్ధనౌకకి కెప్టెన్‌గా చేసి, ఇప్పుడు వైమానిక స్థావరానికి అధిపతిగా ఉన్నాడు. సోమవారం రియర్ అడ్మిరల్‌గా ఢిల్లీ వెళ్తున్నాడు.

“అతన్ని డెక్ మీంచి తీయించండి సార్. నిన్న సముద్రం ప్రశాంతంగా ఉంది. నన్ను ఆపడానికి ఏ కారణమూ లేదు.”

“అతన్ని అడిగావా?”

“నేను వెళ్లి అతన్ని అడగడమేంటి సార్?”

కమొడోర్ ఫిర్యాదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పద, ఓడ దాకా వెళ్లొద్దాం. నేను నడుపుతాను.”

ఆయన చెయ్యి ఎంత నెమ్మదో పక్క సీట్లోంచి చూసి చక్రధర్ ముచ్చటపడ్డాడు. ఓడ దగ్గరికొచ్చింది. ఎర్రయ్య చేతులు అడ్డంగా ఊపాడు. కాబోయే అడ్మిరల్ కదా, దిగేస్తాడనుకున్నాడు చక్రధర్. అలా అనుకునేలోపే హెలికాప్టర్ పైకి లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి దిగారు.

కమొడోర్ హెల్మెట్ తీసి తిన్నగా ఎర్రయ్య దగ్గరికి నడిచాడు. ఇక ఇతని పని అయిపోయిందని చక్రధర్ లోలోపల సంతోషించాడు కూడా.

“ఏం చూసి ఆపావు ఎర్రయ్యా?”

“మొదటిసారి పక్కనించి గాలి లేసింది సార్. మీకు పైనించి తెల్దు.”

“రెండోసారి?”

ఎర్రయ్య కాస్త నసిగాడు. “రెండోసారి ఏటీ నేదు సార్. ఎందుకో నాకు మనసొప్పనేదు.”

“మంచిది,” అని కమొడోర్ అతని భుజం తట్టాడు.

స్థావరానికి తిరిగొచ్చేదాకా చక్రధర్ ఉగ్గబట్టుకున్నాడు. కిందికి దిగీ దిగగానే అన్నాడు. “విన్నారుగా సార్. రెండోసారి ఏమీ లేదని తనే ఒప్పుకున్నాడు.”

“ఔను. ఆ మాట నా మొహం మీదే చెప్పాడు.” కమొడోర్ గ్లవుజులు తీసుకుంటూ నడుస్తున్నాడు. “ముప్పై ఏళ్లలో నాకు ర్యాంకు పెరిగినప్పుడల్లా, నన్ను ఆపేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. సోమవారం నుంచి ఢిల్లీలో ఉంటాను. అక్కడ నేనేం చేసినా బాగుందనే అంటారు.”

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో దిగులు చక్రధర్‌కి తెలిసింది. ఇద్దరూ ఆఫీసు మెట్ల దాకా వచ్చారు.

“మరి నీ ఫిర్యాదు ఏం చెయ్యమంటావు?”

చక్రధర్ ఆ కాగితం అడిగి తీసుకుని చింపేశాడు.

“మీరు వెళ్లేలోగా నాకు ఆ ఓడ మీదే పోస్టింగ్ ఇప్పించండి సార్.”