చాలని ఆకు

కాకిపిల్ల కాకికి ముద్దు. కిరీటికి తాను రాసిన ప్రోగ్రామ్ అంతకంటే ముద్దు. ఏ ఆస్పత్రిలో ఏ గ్రూపు రక్తం ఉందో అడిగిన వెంటనే అది జవాబు చెప్పాలి. అందుకని, అడిగిన కంప్యూటర్ చిరునామాను ఒక స్ట్రక్చర్‌లో, అంటే గళ్లు కట్టిన పెట్టెలాంటి దాంట్లో, దాచుకుంటుంది. మొదటి గడిలో అది ఏ రకం చిరునామానో ఉంటుంది, మిగతా గళ్లలో అసలు చిరునామా. జవాబు అక్కడికే పంపాలి.

మర్నాడే ప్రోగ్రామ్‌ను ఆస్పత్రులకు అప్పగించాలి. తీరా పరీక్షిస్తే, పాత రకం పొట్టి చిరునామాలకు జవాబు అందుతోంది గానీ, కొత్త రకం పొడుగు చిరునామాలున్న ఆస్పత్రులకు అందడం లేదు. కిరీటి విజయనగరంలో తనకు ఈ విద్య నేర్పిన గవరయ్య మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

తన ప్రోగ్రామ్‌లో లోపం లేదనీ, వాళ్ల చిరునామాలే మరీ పొడుగనీ ధీమాగా చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అతనికి తెలియక కాదు.

మాస్టారు ప్రోగ్రామ్ ఆసాంతం చదివారు. భోజనానికి లెమ్మన్నారు.

ఆ ఇంట శిష్యులకు వడ్డన మాస్టారిదే. ఆ రోజు కిరీటి ముందు ఫలహారం పెట్టుకునే చిన్న ఆకు ముక్క వేశారు. దాని మీదే అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టి, పైన పులుసు పోశారు. పులుసు నేల మీదికి కాలువ కట్టింది. కిరీటి అన్నంతో గట్టు కడుతూ నానా అవస్థ పడుతుంటే, మాస్టారు ఏమీ ఎరగనట్టు మజ్జిగ చెంబు ఎత్తారు.

"ఆకు చాలడం లేదు మాస్టారూ," అన్నాడు సిగ్గు విడిచి.

"ఆకుదేటి తప్పురా? పులుసే మరీ ఎక్కువైంది."

కిరీటి చెయ్యి ఆగిపోయింది. పొట్టి చిరునామాకు సరిపడా తాను కొలిచి కట్టిన పెట్టె గుర్తొచ్చింది. అందులో పట్టక తోకలు తెగిన చిరునామాలు, ఆ ఆస్పత్రుల్లో రక్తం కోసం ఎదురుచూసేవాళ్లు కళ్ల ముందు మెదిలారు.

మాస్టారు లోపలికెళ్లి నిండు అరిటాకు తెచ్చి పరిచారు. మళ్లీ మొదటి నుంచి వడ్డించారు.

కిరీటి తలెత్తకుండానే అడిగాడు. "వచ్చేది పొట్టిదో పొడుగుదో ముందుగా తెలిసేదెలా మాస్టారూ?"

"తెలీదు. అందుకే పెద్దాకు వేస్తాం. కూర్చున్నాక మొహం చూసి వడ్డిస్తాం. నీ పెట్టెకి మొదటి గడే మొహం."