ఇంటికప్పు తిన్న గేదె

ఒకప్పుడు గేదెలు గడ్డిని ఒక్కసారే నమిలి మింగేసేవి. తిన్నాక తీరిగ్గా కబుర్లు చెప్పుకునేవి. ఆవులూ మేకలూ అంతే. అప్పట్లో అన్నిటికీ మాటలు వచ్చు. చీమలకు కూడా వచ్చు గానీ, పనిలో పడి మాట్లాడేవి కావు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

వీరాయమ్మ, గురవయ్య అనే ఆలుమగలకు పాడి ఉండేది. కాటుక అనే గేదె, చామంతి అనే ఆవు, పేరు పెడతామంటే ఒప్పుకోని ఒక మేక. వానాకాలం పచ్చిగడ్డి, చలికాలం జొన్నచొప్ప, ఎండాకాలం వామిలో దాచిన వరిగడ్డి. సాయంత్రం కుడితి. పొద్దున్నే సూర్యుడు వచ్చినట్టే మేత కూడా వస్తుందని కాటుక అనుకునేది. ఎవరో తెచ్చి పెడుతున్నారని దానికి తోచలేదు.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. రోహిణి కార్తె నాటికి వామి అయిపోయింది. వాగు ఎండిపోయింది. కాటుక అంతకుముందే ఒట్టిపోయింది. ఇప్పుడు లేవలేక కూలబడింది.

వీరాయమ్మ వాకిట్లో నిలబడి ఇంటికప్పు వైపు చూసింది. అది వరిగడ్డితో కప్పిన ఇల్లు.

"అటు చూడకే," అన్నాడు గురవయ్య. "నీ ఆలోచన నాకు తెలుసు."

"నిచ్చెన పట్టుకో."

"అది పాలు కూడా ఇవ్వడం లేదు కదే!"

"నువ్వు మాత్రం ఇస్తున్నావా? నీకు అన్నం పెట్టడం లేదూ?"

గురవయ్య నిచ్చెన పట్టుకున్నాడు.

కప్పుగడ్డి నల్లగా ఉంది. ఏళ్ల తరబడి పట్టిన పొయ్యి పొగ. కాటుక ఒక పరక నోట పెట్టుకుంది. పొగ వాసన, దాని వెనకే తాలింపు వాసన. ఇది పొలంలోంచి వచ్చిన మేత కాదు, ఎవరిదో ఇల్లు. కాటుక తల ఎత్తి చూసింది. వీరాయమ్మ నిచ్చెన మీద నిలబడి ఇంకో మోపు లాగుతోంది.

మృగశిర కార్తెలో కప్పు పూర్తయింది, అంటే తినడం పూర్తయింది. మర్నాడే వాన దంచింది.

పశువుల పాకకు తాటాకు కప్పు. మేక అప్పటికే రుచి చూసి, బాగాలేదని వదిలేసింది. ఆలుమగలు చాపలు, కుండలు పట్టుకుని పాకలోకి వచ్చి, తడిసిన బట్టలతో కాటుక పక్కనే కూర్చున్నారు.

ఏదో ఒకటి అనాలి. అనకుండా ఉంటే బాగుండదు. కాటుకకు మాట తోచలేదు.

"చల్లగా ఉండండి అను," అంది చామంతి చెవిలో. "అందరూ అనేదే."

"వానలో నానిపోయిన వాళ్లనా?"

"పోనీ, మీ మేలు మరువను అను."

కాటుక ఆ మాటను గొంతులోంచి పైకి తెచ్చుకుంది. మాటతోపాటు తిన్న గడ్డి కూడా వచ్చింది. నమిలి చూసింది. మాట చిన్నది, గడ్డి పెద్దది. సరితూగలేదు. మింగేసింది. ఇంకో మాట తెచ్చుకుంది. అదీ చాల్లేదు.

"ఏంటే, ఏదో అనబోయావు?" అంది వీరాయమ్మ.

"ఉండమ్మా. ఇంకా కుదరలేదు."

కాటుక ఆఖరుసారి మాట్లాడింది అదే. ఆ మాట కుదిరేదాకా వేరే మాట ఎత్తకూడదనుకుంది.

చామంతి నవ్వింది. "ఇంత చిన్న పనికా! నేను చెప్తా చూడు," అని నోరు తెరిచింది. తనూ తిన్నది ఆ కప్పే కదా. నోరు మూసుకుని నమలడం మొదలుపెట్టింది. చూసి మేకా మొదలుపెట్టింది. ఆ రోజు పాకలో గుర్రం లేదు. అందుకే దానికి ఈ అలవాటు లేదు.

వానలు వెలిశాయి. కొత్త గడ్డి కోతకు వచ్చింది. గురవయ్య ఇల్లు కప్పాడు. చలికాలంలో కాటుక ఈని, పాలు చేపింది. పాలు పితుకుతూ వీరాయమ్మ అడిగింది, "కుదిరిందా?"

కాటుక నమలడం ఆపింది. చూసింది. మళ్లీ నమిలింది.

వీరాయమ్మ దాని మెడ నిమిరింది. "తొందరేం లేదులే."

అప్పటినుంచే గేదెలూ ఆవులూ మేకలూ మేత తిన్నాక, మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తున్నాయి. మీరు ఎదురుగా నిలబడితే ఒక్క క్షణం ఆపి మీ వైపు చూస్తాయి. మాట వచ్చేసిందనిపిస్తుంది. రాదు. గుటక వేసి, మళ్లీ మొదలుపెడతాయి.