మంచు సముద్రంలో ముల్లు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఒక్కగానొక్క కొడుకు, పేరు మణిధరుడు. తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటాడు, చిలుక మెడ విరిచి మాంత్రికుణ్ణి చంపాడు. అంతవరకూ మీరు విన్న కథలాంటిదే. విననిదేమిటంటే, ఆ మాంత్రికుడు చస్తూ చస్తూ ఒక ఇనుపముల్లు విసిరిపోయాడు. అది యువరాజు తొడలో దిగి, రోజురోజుకూ పైకి పాకుతోంది. మూడోరోజు పొద్దు గుంకేలోగా తియ్యకపోతే గుండెకు చేరుతుంది.

వైద్యుడు బసవయ్య కత్తి పట్టాడు. ముల్లు పక్కనే పెద్ద నరం. రోగి వెంట్రుకవాసి కదిలినా ప్రాణం దక్కదు. మత్తుమందు ఇద్దామంటే, ముల్లు విషానికి అది తోడైతే ఊపిరే ఆగిపోతుందట.

మొదటిరోజు నలుగురు వస్తాదులు పట్టుకున్నారు. యువరాజు ఒక్క విదిలింపు విదిలిస్తే నలుగురూ నాలుగు మూలల పడ్డారు. రెండోరోజు మంత్రులంతా చుట్టూ చేరి "నొప్పి లేదు, నొప్పి లేదు" అని జపం చేశారు. కత్తి తగలకముందే యువరాజు కెవ్వుమన్నాడు.

మూడోరోజు బసవయ్య కూతురు నీలాంబ ముందుకొచ్చింది. ఆమెకు లోపల ఒకటే దడ. తప్పు జరిగితే యువరాజు ప్రాణమూ పోతుంది, నాన్న తలా పోతుంది. ఆ దడను గొంతులోకి మాత్రం రానివ్వలేదు. ముల్లు ఊసెత్తకుండా, సముద్రాలు ఎలా దాటారో చెప్పమంది. అతను చెప్పిన ప్రతి మాటనూ ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త మెత్తగా తిరిగి అంది. మూడో సముద్రానికి అతని రెప్పలు వాలాయి.

"నాలుగోది మంచు సముద్రం."

"నీళ్లు ఎందాకా వచ్చాయి యువరాజా?"

"తొడ దాకా. చల్లగా... మొద్దుబారిపోయింది. కాలు నాది కానట్టుంది."

నీలాంబ తండ్రికి కనుసైగ చేసింది. కత్తి దిగింది. యువరాజు అయిదో సముద్రం సంగతి చెబుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే తెర వెనక రాణిగారు "నొప్పెడుతోందా నాయనా" అని బావురుమన్నారు. యువరాజు కనుబొమలు ముడిపడ్డాయి. బసవయ్య చెయ్యి ఆగిపోయింది. నీలాంబ యువరాజు చెవి దగ్గరికి వంగింది.

"ఒడ్డున ఎవరో పిలుస్తున్నారు," అంది నెమ్మదిగా. "తాబేలు ఆగలేదు. మంచునీళ్ల చలి కాలిని ఇంకా వదల్లేదు. ఆరో సముద్రం ఏ రంగు, యువరాజా?"

ముడి విడింది. "పచ్చ," అన్నాడు.

ఠంగుమని ముల్లు పళ్లెంలో పడింది.

కుట్లు పడ్డాక నీలాంబ ఒడ్డుకు రమ్మంటే, అతను కళ్లు తెరిచి విసుక్కున్నాడు. "ఇంకా ఏడోది మిగిలే ఉందిగా, అప్పుడే లాగేశారేం?"

"అది పెళ్లయ్యాక చెబుదువుగానిలే," అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ.

అలాగే నీలాంబతో పెళ్లయింది. ఇద్దరూ ముసలితనం వచ్చేదాకా చల్లగా రాజ్యమేలారు. తల్లి రాణిగారిని మాత్రం వైద్యశాల గడప తొక్కనివ్వలేదు. ఆ రాజ్యంలో ఇప్పటికీ పిల్లల కాల్లో ముల్లు తియ్యాల్సొస్తే, తల్లులు నొప్పి మాటే ఎత్తరు. "ఏ సముద్రం దాకా వచ్చావు తల్లీ?" అని అడుగుతారు.