ఏటి రేవు మూసిన దుప్పిరాజు

అనగనగా ఒక అడవిలో, మన అడవి కాదు, పడమటి దిక్కున ఎంతో దూరాన ఫ్రాన్సు అనే దేశంలో, చలికాలమొస్తే నేలంతా తెల్లటి మంచు కప్పుకునే ఓక్ చెట్ల అడవిలో, ఒక దుప్పుల రాజు ఉండేవాడు. అతని పేరు బెరాంజే. ఇది వందల ఏళ్ల కిందటి మాట.

బెరాంజేకి ఒక పాత భయం ఉండేది. అతని తాత తన తర్వాత రాజెవరో చెప్పకుండానే చనిపోయాడు. అతని తండ్రీ చిన్నాన్నలూ సింహాసనం కోసం కొమ్ములు కొమ్ములు కలబడి కొట్టుకున్నారు. వాళ్లు కొట్టుకుంటూ ఉండగా తోడేళ్లు వచ్చి సగం మందను ఎత్తుకుపోయాయి. అప్పుడు బెరాంజే ఇంకా పాలు తాగే కూన. అయినా ఆ చలికాలాన్ని మరిచిపోలేదు.

అతనికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గోతియే, చిన్నవాడు రెమీ. ఆ రోజుల్లో ఆ దేశపు మనుషుల్లో కొందరు రాజులు తాము బతికుండగానే పెద్దకొడుకు నెత్తిన కిరీటం పెట్టేవాళ్లు. బెరాంజే కూడా అలాగే చేశాడు. మందనంతా పిలిచి, గోతియే కొమ్ములకు ఓక్ ఆకుల దండ చుట్టి, "నా తర్వాత వీడే మీ రాజు" అన్నాడు. రెమీకి ఏటికి అవతల ఉన్న చిత్తడి నేల ఇచ్చాడు. అంతా బురద, ఊబి, రెల్లు. అక్కడికి ఎవరూ పోయేవారు కాదు. రెమీ మాత్రం సంతోషంగా తల వంచి తీసుకున్నాడు.

గోతియే సంబరం మూడు రోజులే నిలిచింది.

నాలుగో రోజున తండ్రి ఉప్పుమట్టి నాకడానికి బయలుదేరాడు. ముసలివాడు కదా, నడక తడబడుతోంది. రెమీ వచ్చి పక్కన నిలబడితే అతని భుజానికి ఆనుకుని నడిచాడు. దారిలో ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వారు. వెనకాల వస్తున్న గోతియేకి ఆ నవ్వు వినబడింది. నాతో నాన్న ఇలా ఎప్పుడైనా నవ్వాడా అనుకున్నాడు. తనను పిలిస్తే మేత గురించి, కాపలా గురించే అడుగుతాడు.

ఆ వసంతంలో రెమీ తన చిత్తడి నేలంతా కాలితో తడిమి చూశాడు. ఎక్కడ గట్టి నేల ఉందో, ఎక్కడ ఊబి ఉందో నేర్చుకున్నాడు. రోజూ ఆ గట్టి నేల మీదే నడిచి నడిచి ఒక బాట వేశాడు. బాట పక్కన లేత గడ్డి మొలిచింది. కొంగలొచ్చాయి, కుందేళ్లొచ్చాయి. ఇవతలి మందలోంచి కూడా కొన్ని దుప్పులు పొద్దున్నే ఏరు దాటి వెళ్లి, మేసి, సాయంత్రానికి తిరిగొచ్చేవి. రెమీ దగ్గర గడ్డి తియ్యగా ఉంటుందని చెప్పుకునేవి. ఆ మాట విన్న రోజు గోతియేకి మేత సహించలేదు. రాజ్యమంతా తనది. ఓక్ కాయలన్నీ తనవి. అయినా ఆ బురదలో మొలిచిన గడ్డే కళ్ల ముందు కదిలింది.

అడవిలో కబుర్లు మోసే కాకి ఒకడుండేవాడు, పేరు బుర్గో. అబద్ధం చెప్పేవాడు కాదు, ఒక మాట కలిపేవాడూ కాదు. గోతియే రోజూ అతన్ని పిలిచి, నాన్న దగ్గరికి ఎవరొచ్చారు, ఎంతసేపు ఉన్నారు అని అడిగేవాడు. రెమీ వచ్చాడు, కాసేపు కూర్చున్నాడు, వెళ్లాడు అని కాకి చెప్పేవాడు. చెప్పింది అంతే. కానీ గోతియే ఆ మూడు ముక్కలనే నెమరేసుకుంటూ ఉండేవాడు. కాసేపంటే ఎంతసేపు? ఏం మాట్లాడుకుని ఉంటారు? నా కిరీటం వాడికి ఇద్దామనా? అసూయకు మేత వేయనక్కర్లేదు పిల్లలూ, తన మేత తనే వెతుక్కుంటుంది.

ఆకురాలే కాలం వచ్చేసరికి గోతియే ఆగలేకపోయాడు. ఏటి రేవు దగ్గర ఇద్దరు కుర్ర దుప్పుల్ని కాపలా పెట్టాడు. ఇటువాళ్లు అటు పోకూడదు, అటువాళ్లు ఇటు రాకూడదు అని ఆజ్ఞ వేశాడు. రెమీ రేవు దాకా వచ్చాడు. కాపలావాళ్లు అడ్డుపడ్డారు. పెద్ద కొమ్ములున్నవాడు, వాళ్లిద్దరినీ తోసేసి రాగలడు. కానీ అన్న మాట దాటితే మళ్లీ తాతల నాటి పోట్లాట మొదలవుతుందని తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బెరాంజే మంచాన పడ్డట్టు అయిపోయాడు. ఎండిన ఆకుల మీద పడుకున్నవాడు లేవలేదు. ఒక ఉదయం గోతియేని దగ్గరికి పిలిచి, "తమ్ముణ్ని ఒకసారి రమ్మను నాయనా, చూడాలనుంది" అన్నాడు.

గోతియే బయటికొచ్చాడు. కొమ్మ మీద బుర్గో సిద్ధంగా ఉన్నాడు. రెక్క విప్పితే చాలు, రెమీకి కబురు అందుతుంది. గోతియే అతని వంక చూశాడు. ఆఖరి ఘడియలో కూడా వాడేనా అనుకున్నాడు. "నువ్వెక్కడికీ పోనక్కర్లేదు" అన్నాడు. కాకి రెక్క ముడుచుకున్నాడు.

మధ్యాహ్నం తండ్రి మళ్లీ అడిగాడు. కబురు పంపాను, వాడికి పనుందట అన్నాడు గోతియే. సాయంత్రం మళ్లీ అడిగాడు. గోతియే మళ్లీ అదే మాట అన్నాడు.

ముసలి రాజు కళ్లు మూసుకున్నాడు. "ఏరు నిండి ఉంటుందిలే. రాలేకపోయాడని వాణ్ని నువ్వు కోప్పడకు" అన్నాడు. అవే అతని చివరి మాటలు.

ఆ ఏడు మంచు ముందే పడింది. మోకాళ్ల లోతు పడింది. ఉత్తరపు కొండల మీద తిండి దొరక్క తోడేళ్లు దిగాయి. ఒక పగటిపూట, మంద మంచు తవ్వుకుని ఓక్ కాయలు ఏరుకుంటుండగా మూడు వైపుల నుంచి వచ్చిపడ్డాయి. మిగిలింది నాలుగో వైపు, ఏరు. మందంతా రేవు దాటి అటు పరుగెత్తింది.

కానీ ఎటు పోవాలి? మంచు కింద గట్టి నేల ఏదో ఊబి ఏదో తెలియదు. రేవు మూయకుండా ఉంటే ఆ బాట మందకంతా కాలికి అలవాటయ్యేది. అది తెలిసిన నలుగురైదుగురూ ఆ తొక్కిసలాటలో ఎక్కడో వెనక ఉండిపోయారు. ముందు పరుగెత్తిన రెండు ఆడ దుప్పులు, వాటితో ఒక కూన, మంచులోంచి బురదలోకి జారిపోయాయి. గోతియే చూస్తూనే ఉన్నాడు. పట్టి లాగేంత దగ్గర్లో లేడు. వెనక్కి తిరిగి, కొమ్ములు వంచి, తోడేళ్లకు ఎదురుగా నిలబడ్డాడు. ఇంక చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

అప్పుడు రెల్లు మధ్యలోంచి రెమీ గొంతు వినిపించింది. "నా అడుగులో అడుగు వేసి రండి. పక్కకు పోకండి."

మందంతా ఒకే వరసలో అతని వెనక నడిచింది. తోడేళ్లు అడ్డదారిన ఉరికాయి. వాటిలో రెండు ఊబిలో దిగబడ్డాయి. మిగిలినవి ఒడ్డున నిలబడి అరిచి అరిచి వెళ్లిపోయాయి. అందరికంటే చివర, తొడ చీలి రక్తం కారుతూ, గోతియే దాటాడు.

రెమీ అతని గాయాన్ని నాకి శుభ్రం చేశాడు. గోతియేకి అది గాయం కంటే ఎక్కువ మండింది. ఇంక దాచలేకపోయాడు. నాన్న నిన్ను మూడుసార్లు అడిగాడు, నేనే కబురు పంపలేదు, నీకు పనుందన్నావని చెప్పాను అన్నాడు.

రెమీ నాకడం ఆపేశాడు.

"నాన్న నా దగ్గర కూర్చుని ఎవరి గురించి మాట్లాడేవాడో తెలుసా అన్నయ్యా? నీ గురించే. చిన్నప్పుడు నువ్వు ఏట్లో నీ నీడను చూసి భయపడి తన కాళ్ల కిందికి దూరావట. అదే చెప్పి చెప్పి నవ్వేవాడు. నువ్వు రాజువయ్యాక నీతో అవన్నీ అనడానికి మొహమాటపడేవాడు."

ఆ మాట చెప్పి రెమీ లేచి రెల్లులోకి వెళ్లిపోయాడు. మంద అక్కడే ఉన్నన్నాళ్లూ దారి చూపాడు, మేత చూపాడు. అన్నతో మాత్రం మాట్లాడలేదు.

మంచు కరిగాక గోతియే మందను ఇవతలికి తెచ్చాడు. రేవు దగ్గర కాపలా తీసేశాడు. ఎవరికి ఇష్టమైతే వాళ్లు అటూ ఇటూ తిరిగారు. తమ్ముడు తప్ప. ఆ వసంతంలో గోతియే రోజూ రేవు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. రెమీ రాలేదు. రెండో వసంతంలోనూ నిలబడ్డాడు. అప్పుడూ రాలేదు.

మూడో వసంతంలో ఒక ఉదయం రెమీ ఏరు దాటి వచ్చాడు. అన్న పక్కన నిలబడి నీళ్లు తాగాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ రోజు నాన్న చివరికి ఏమన్నాడు?"

అబద్ధం చెప్పడానికి ఇప్పుడు గోతియేకి మనసు లేదు. "నీ మీద కోప్పడొద్దన్నాడు. నేను చెప్పింది నమ్మి కూడా నిన్నే వెనకేసుకొచ్చాడు" అన్నాడు.

రెమీ కళ్లలోంచి నీళ్లు జారి ఏట్లో పడ్డాయి. అయినా వెళ్లిపోలేదు. పొద్దెక్కేదాకా ఇద్దరూ ఆ రేవులోనే నిలబడ్డారు, ఒకరి భుజం ఒకరికి తగులుతూ.

నీతి: తోబుట్టువుకు దక్కే ప్రేమను చూసి కుళ్లుకునేవాడు, తనకు దక్కిన ప్రేమను కూడా చూడలేడు.