కచేరీకి జోడు కావాలి

ఎర్రకొండ అడవిలో ఏడాదికి ఒక్కరోజు ఎవరూ ఎవరినీ తినరు. ఆ రోజు పికిలిపిట్ట కచేరీ. వానలు మొదలయ్యే ముందు ఒక తెల్లవారుజామున, రెండు పెద్ద బండల వెనకున్న పచ్చికలో అది పాడుతుంది. పులి దగ్గర్నుంచి పురుగు దాకా ఎవరైనా వచ్చి వినొచ్చు. కట్టుబాటు మాత్రం ఒకటుంది. ఎవరూ ఒంటరిగా రాకూడదు. వేరే జాతివాళ్లను ఒకర్ని జోడు తెచ్చుకోవాలి. పాట అయ్యేదాకా ఇద్దరూ వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఒకరి పళ్లకు ఇంకొకరు పూచీ. ఒక ఏడు ముందు వరుసలో కూర్చున్న అడవికోళ్లు పాట సగంలో కనబడకుండా పోయాక పెట్టుకున్న కట్టుబాటు అది.

నక్క జంబన్నకు పాటంటే ప్రాణం. ఎవరూ నమ్మరు గానీ నిజం. నక్కకు సంగీతమేమిటని నవ్వేవాళ్లు అతని గొంతు విన్నారే తప్ప చెవుల సంగతి ఎరగరు. పోయిన ఏడు జోడు దొరక్క వాగు అవతల పొదలో కూర్చుని విన్నాడు. గాలి అటు తిరిగి సగం పాట కొట్టుకుపోయింది. వినబడని ఆ సగం కోసం ఏడాదంతా అతని మనసు పీకుతూనే ఉంది. ఇప్పుడు వినకపోతే ఇక ఎప్పటికీ లేదు. వానలు పడగానే పికిలిపిట్ట పిల్లలతో సహా పడమటి కొండలకు వెళ్లిపోతోందని అడవంతటికీ తెలుసు.

జోడు ఎందుకు దొరకలేదంటారా? ఆ అడవిలో జంబన్న చేతిలో మోసపోనివాళ్లు ఇంకా పుట్టనివాళ్లే. అయినా నోరు విడిచి అడిగితే ఎవరో ఒకరు జాలిపడేవాళ్లేమో. మనవాడికి ఆ అడగడమే చేతకాదు. "నాకెవరూ లేరు, నువ్వొస్తావా" అనేకంటే తోక కోసి ఇమ్మన్నా ఇచ్చేస్తాడు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు.

కచేరీకి ముందురోజు కుందేలు పొట్టెమ్మ బొరియ దగ్గర, ఏదో దారిన పోతూ ఆగినట్టు ఆగాడు.

"మన ఎద్దు వీరాస్వామి తాత లేడూ, రేపు తన పక్కనే కూర్చోవాలని ఒకటే పోరు. చూద్దాంలే అన్నాను. నువ్వు వస్తానంటే గనక ఆయనకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను."

పొట్టెమ్మ మూతి మాత్రం బయటపెట్టి వింది. నక్క వీపుకు వీపు ఆనించాలంటే ఆమెకు వణుకు. రానంటే నక్కతో పగ. ఏ సాకు చెప్పాలా అని వెతుక్కునే శ్రమ లేకుండా దాన్ని కూడా జంబన్నే తెచ్చి ఇచ్చాడు.

"అయ్యో, పెద్దాయన మనసు కష్టపెట్టకు మామా. నా మూలంగా ఆయన్ని కాదన్నావంటే నాకు పాపం," అని ఎంతో బాధపడి లోపలికి వెళ్లిపోయింది.

జంబన్న నేరుగా ఎద్దు దగ్గరికి నడిచాడు. వీరాస్వామి ఒకప్పుడు గానుగ తిప్పినవాడు. వయసు మళ్లాక అడవి అంచున చేరి, తొందరన్నది లేకుండా నెమరేసుకుంటూ బతుకుతున్నాడు. ఈసారి జంబన్న కథ తిరగేసి చెప్పాడు. పొట్టెమ్మ తన కాళ్లావేళ్లా పడుతోందనీ, తనకు మాత్రం తాతతోనే కూర్చోవాలని ఉందనీ. వీరాస్వామి నోట్లో గడ్డి తీరిగ్గా నమిలి మింగాడు.

"ఏరా జంబన్నా, చిన్నపిల్ల అంత ఆశపడుతుంటే కాదంటావురా? దాన్నే తీసుకెళ్లు."

"దానికి నేను సర్దిచెబుతాను తాతా."

"వద్దొద్దు. పిల్లదాని ఉసురు మనకెందుకు," అని వీరాస్వామి మళ్లీ నెమరులో పడ్డాడు.

తిరిగి వస్తుంటే జంబన్నకు ఒళ్లు మండిపోయింది. వీళ్లంతా ఇంత మంచివాళ్లు ఎప్పుడయ్యారో అతనికి అంతుపట్టలేదు. ఆ సాయంత్రం పొట్టెమ్మా వీరాస్వామీ వాగు దగ్గర నీళ్లకు కలిశారు. ఎవరికి చెప్పిన కథ వాళ్లు బయటపెట్టారు. వీరాస్వామి నవ్వితే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. జోడు వెతుక్కునే పని ఇద్దరికీ తప్పింది కనుక, మరునాడు కలిసే వెళ్దామనుకున్నారు.

తెల్లవారుతుండగా జంబన్న బండల దగ్గరికి చేరాడు. అక్కడ కాపలా కొండముచ్చు. జోడు ఏదంటే వస్తోందన్నాడు జంబన్న. చిరుత జింకతో వచ్చింది, పాము కప్పతో వచ్చింది. పలకరించిన ప్రతివాళ్లకీ అతను అదే మాట చెప్పాడు. పొట్టెమ్మా వీరాస్వామీ వచ్చారు గానీ వాళ్లు అడగనే లేదు. ఆ అడక్కపోవడమే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. లోపలికి పోకుండా ఇద్దరూ దారి పక్కనే నిలబడి చూస్తున్నారు.

అంతలో ముళ్లపంది మంగాయి వచ్చింది, ఒంటరిగా. వీపుకు వీపు ఆనించాలన్న కట్టుబాటు వచ్చిన నాటినుంచీ పాపం ఆమెకు జోడు దొరికింది లేదు. జంబన్న దగ్గర ఆగి మెల్లగా అడిగింది.

"నీతో ఎవరైనా ఉన్నారా జంబన్నా? లేకపోతే మనిద్దరం వెళ్దాం. ముళ్లు అణిచిపెట్టుకుంటాను. ఒకటో రెండో గుచ్చుకున్నా కాసేపే కదా."

జంబన్న ప్రాణం లేచొచ్చింది. ఒళ్లు జల్లెడైతే అవనీ, పాట మొత్తం వినొచ్చు. సరేనందామని నోరు తెరిచాడు. అవతల పొట్టెమ్మ మీసం కదిలింది. వీరాస్వామి చెవి ఇటు తిరిగింది. జంబన్న నోరు దాని అలవాటు ప్రకారం అది పలికింది.

"నాకేం తక్కువ మంగాయీ, నాకోసం ముగ్గురు పోటీ పడుతున్నారు. దారిలో ఉన్నారు. నువ్వు ఇంకెవర్నైనా చూసుకో."

మంగాయి తల వంచుకుని పక్కకు జరిగింది. ఇంటిముఖం పట్టేదే, ఇంతలో ఉడుము కోటయ్య పొదల్లోంచి పాక్కుంటూ వచ్చాడు. "నాకెవరూ లేరయ్యా," అన్నాడు కొండముచ్చుతో. "అందర్నీ అడిగాను, ఎవరూ రామన్నారు. ఇక్కడెవరైనా ఖాళీగా ఉన్నారా?" అంగట్లో ఉప్పుందా అని అడిగినంత తేలిగ్గా అడిగాడు.

తానున్నానంది మంగాయి, తనకు ముళ్లున్నాయని కూడా చెప్పింది. తన తోలు ముందు అవి ఏపాటివని కోటయ్య నవ్వాడు. ఇద్దరూ లోపలికి వెళ్లారు. వాళ్ల వెనకే ఎద్దూ కుందేలూ.

లోపల పికిలిపిట్ట గొంతు సవరించుకుంది. జంబన్న ఇక ఉండలేకపోయాడు. కొండముచ్చు చేతులు పట్టుకుని, తనకెవరూ లేరనీ, దారిలో వచ్చేవాళ్లు కూడా లేరనీ, ఒక్కణ్ణే వదలమనీ బతిమాలాడు. బుద్ధెరిగాక అతను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

కొండముచ్చు అతన్ని ఎగాదిగా చూశాడు.

"నాకు చెబుతావా కథలు? ముగ్గురు వస్తున్నారని ఇందాక ఈ చెవులతోనే విన్నాను. ఒక్కడివే లోపలికి దూరి ఎవర్ని మింగుదామని? ఆ ముగ్గురూ వచ్చేదాకా పక్కన నిలబడు."

జంబన్న పక్కన నిలబడ్డాడు. పాట మొదలైంది.

లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడి గుమ్మం దాకా వచ్చిన తోడు కూడా తిరిగి వెళ్లిపోతుంది.