తాతారావు బండి, గవర్రాజు కళ్ళు

రాజుల రథాలు పోయి మోటారు కార్లు వచ్చిన రోజుల్లో, అనగనగా సముద్రపు ఒడ్డున ఒక మహానగరం. ఆ నగరంలో మనుషుల కంటే బండ్లు ఎక్కువ, బండ్ల కంటే దుమ్ము ఎక్కువ. నాలుగడుగులు కదిలితే ఆగాలి, ఆగితే మళ్ళీ కదిలేదాకా ఎండలో కాలాలి.

ఆ నగరంలో పుల్లయ్యశెట్టి అనే షావుకారు ఉండేవాడు. ఆయన ఒక దసరా పండుగకు ఒకే రకం తెల్ల కార్లు రెండు కొన్నాడు. తన దగ్గర పనిచేసే ఇద్దరు డ్రైవర్లలో ఒకటి గవర్రాజు చేతికి, రెండోది తాతారావు చేతికి ఇచ్చాడు.

"నాయనలారా, వీటిని కిరాయికి తిప్పండి. మళ్ళీ దసరా వచ్చేదాకా ఎవరి చేతిలో బండి దారిలో మొరాయించకుండా ఉంటుందో, ఆ బండి వాళ్ళ పేరున రాసిస్తాను. ఇద్దరూ నెగ్గితే ఇద్దరికీ ఇస్తాను" అన్నాడు.

ఆ చివరి మాట గవర్రాజు చెవికి ఎక్కలేదు. సొంత బండి అతని చిన్ననాటి కల. ఆ కలకు అడ్డంగా తాతారావు ఒక్కడే నిలబడినట్టు తోచింది. ఆ రోజు నుంచి అతను తన బండిని చూడటం మానేసి, తాతారావు బండిని చూడటం మొదలుపెట్టాడు.

అమావాస్య నాడు ఆ ఊరివాళ్ళు ప్రయాణాలు పెట్టుకోరు. స్టాండులో డ్రైవర్లంతా పేకాటకు కూర్చునేవారు. తాతారావు మాత్రం బండి తీసుకుని మరమ్మతు షెడ్డుకు బయలుదేరేవాడు.

"ఏరా తాతారావూ, మళ్ళీ షెడ్డుకేనా? ఆ మేస్త్రీ నీకేమైనా పిల్లనిచ్చాడా?" అని ఒకసారి గవర్రాజు అరిచాడు. అందరూ నవ్వారు.

తాతారావు కూడా నవ్వాడు. "అల్లుడి మర్యాదలేమీ లేవన్నా, టీ కూడా నేనే పోయించాలి. ఆయిల్ నల్లబడింది, మార్పిద్దామని."

"మీటరు చూశావా? బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన దూరంలో సగం కూడా తిరగలేదు!"

"మీటరు నడిచిన దూరమే చెబుతుందన్నా. సిగ్నలు దగ్గర నిలబడి ఇంజను కాలిన సేపు అందులో పడదు కదా. ట్రాఫిక్‌లో, దుమ్ములో తిరిగే బండిని ఇంకా ముందే చూపించాలని ఆ పుస్తకంలోనే ఉంది. నువ్వూ రా, ఇద్దరం చూపించుకొద్దాం."

గవర్రాజు తండ్రి దూరపు లారీలు నడిపినవాడు. మీటరు చూసి షెడ్డుకు పోవడం ఆయన నేర్పిన పద్ధతి. ఖాళీ రోడ్డుకు అది మంచి పద్ధతే. కానీ గవర్రాజు తిరిగేది ఖాళీ రోడ్డు కాదు. ఆ సంగతి ఆలోచించడానికి అతని మనసులో చోటేదీ? అక్కడంతా తాతారావే ఉన్నాడు.

కొన్నాళ్ళకు గవర్రాజు బండి ఎత్తు ఎక్కేటప్పుడు మూలగసాగింది. తాతారావు బండి పిల్లిలా పోతూనే ఉంది. అది స్టార్టయిన ప్రతిసారీ గవర్రాజు గుండెలో పొగ లేచేది.

అతను షావుకారు దగ్గరకు వెళ్ళి, "బాబుగారూ, వాడికి సముద్రపు రోడ్డు, నాకు బజారు రోడ్డా? ఇదేం న్యాయం?" అన్నాడు.

"సరే, రోడ్లు మార్చుకోండి" అన్నాడు షావుకారు.

మార్చుకున్నారు. తాతారావు బజారు దుమ్ములో పడ్డాడు. అమావాస్య దాకా ఆగకుండా ముందే గాలి ఫిల్టరు దులిపించాడు, బ్రేకులు చూపించాడు. అతని బండి పిల్లిలాగే పోతోంది. సముద్రపు రోడ్డు మీద గవర్రాజు బండి మూలుగు మాత్రం తగ్గలేదు.

అప్పుడు గవర్రాజుకు వేరే అనుమానం పుట్టింది. 'షెడ్డు వంకతో వీడు ఏదో పూజ చేయిస్తున్నాడు. లేకపోతే ప్రతి అమావాస్యకే ఎందుకు వెళ్తాడు?' అనుకున్నాడు. వెంటనే తన బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. నల్లతాడు చుట్టాడు. గుమ్మడికాయ పగలగొట్టాడు.

అతని భార్య నూకాలు గుమ్మంలోంచి చూసి, "ఆ నిమ్మకాయలు ఇలా ఇస్తే పులిహోర కలుపుతాను. దిష్టి బండికి కాదు, నీ కళ్ళకే ఉంది" అంది.

మూలుగు పోలేదు. ఎండలు ముదిరాయి. గవర్రాజుకు నిద్ర పట్టలేదు, కూడు సయించలేదు. మళ్ళీ షావుకారు గడప ఎక్కాడు.

"బాబుగారూ, రెండు బండ్లలో మంచిది వాడికిచ్చి, చెడ్డది నాకిచ్చారు. ఆ బండి నాకిప్పించండి. ఇంక నోరెత్తితే ఒట్టు!"

షావుకారు తాతారావును పిలిపించాడు. "ఏమయ్యా, నీకిష్టమేనా?"

తాతారావు బండి వైపు చూశాడు. కన్నబిడ్డలా సాకిన బండి అది. చివరికి తాళం తీసి గవర్రాజు చేతిలో పెట్టి, "రేడియేటరు నీళ్ళు చూసుకుంటూ ఉండన్నా. ఎండలు బాగా ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట కూడా గవర్రాజుకు ఎత్తిపొడుపులాగే వినిపించింది.

కొత్తగా చేతికొచ్చిన బండి మెత్తగా సాగింది. గవర్రాజు దాన్ని రోజూ తుడిచి అద్దంలా మెరిపించాడు. బానెట్ మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. మంచి బండికి షెడ్డెందుకు అనుకున్నాడు. అమావాస్యలు వచ్చాయి, పోయాయి. అతను పేకాటలోనే ఉన్నాడు.

మళ్ళీ దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బండికి బంతిపూల దండ వేసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. షావుకారు దంపతులను గుడికి తీసుకువెళ్ళే పని అతనికే దక్కింది. ఈ ఒక్క ప్రయాణం గడిస్తే బండి అతనిదే.

వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. కదిలింది, మళ్ళీ ఆగింది. ఇంజను వేడెక్కుతోందని లోపల ఎర్రదీపం వెలిగింది. 'కాస్త దూరమే కదా' అనుకుని గవర్రాజు బండిని ముందుకు తోలాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. బంతిపూల దండ వాడిపోయింది. బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది.

వెనక హారన్లు మోగిపోతున్నాయి. షావుకారు తాతారావుకు కబురు చేశాడు.

కాసేపటికి ఒక తెల్ల కారు చప్పుడు లేకుండా వచ్చి పక్కన ఆగింది. గవర్రాజు దాన్ని గుర్తుపట్టాడు. తను చెడ్డదని వదిలేసిన బండి అది. దాని బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. మూలుగు లేదు, వణుకు లేదు.

"దీనికేం చేశావురా?" అన్నాడు.

"షెడ్డుకు తీసుకెళ్ళానన్నా, అంతే."

షావుకారు ఆ బండి ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఇద్దరికీ ఇస్తాననే కదయ్యా చెప్పాను" అన్నాడు.

ఆ మాట గవర్రాజు చెవికి ఏడాది ఆలస్యంగా ఎక్కింది.

అందుచేత పిల్లలూ, ఎదుటివాడి బండి మీద కన్ను వేసినవాడు తన బండిని దారిలోనే పోగొట్టుకుంటాడు. చేతిలో ఉన్నదాన్ని వేళకు చూసుకున్నవాడే గమ్యం చేరతాడు.