గుర్రం బండీ, ఏనుగు బండీ

ఖాసింపీరా ఉస్తాద్‌ను పెంచలయ్య మూడు రోజులుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. "ఉస్తాద్, లారీల్లో ఏ కంపెనీ బండి గొప్పది?" అడిగినప్పుడల్లా ఉస్తాద్ గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, టీ తాగినావా అని అడిగేవాడు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఇప్పుడు నల్లమల కనుమ పైన, దిగుడు మొదలయ్యేచోట, చిన్న రేకుల షెడ్డులో కూర్చుని వచ్చే పోయే బండ్లకు గ్రీజు కొడతాడు. ఆ దారిన తిరిగే డ్రైవర్లలో సగం మంది ఆయన దగ్గర స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళే.

పెంచలయ్యది ఊరికే అడిగే ప్రశ్న కాదు. హెవీ లైసెన్సు చేతికొచ్చి వారమైంది. వాళ్ళ అక్క మొగుడు కేశవులు తన లారీకి రెండో డ్రైవరుగా రమ్మంటున్నాడు. కేశవులుతో కలిసి నేర్చుకున్న మద్దిలేటి, కాదు తన లారీకి రమ్మంటున్నాడు. రెండూ పద్నాలుగు టైర్ల బండ్లే. కంపెనీల పేర్లు మనకెందుకు, కేశవులు బండి ముఖాన గుర్రం బొమ్మ, మద్దిలేటి బండి ముఖాన ఏనుగు బొమ్మ. మొదట ఎక్కిన బండే డ్రైవరుకు పుట్టిల్లు అంటారు ఆ దారిలో. ఆ తర్వాత ఎన్ని బండ్లు మారినా మనసు దాని దగ్గరే తచ్చాడుతుందట, తొలిసారి ఇష్టపడ్డ పిల్ల ఇంటి వీధిలో తచ్చాడినట్టు. అందుకే పెంచలయ్యకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆ రోజు పొద్దున్నే రెండు బండ్లూ నాపరాళ్ళ లోడుతో కనుమ పైకి వచ్చి ఆగాయి. వాటిలో ఏదో ఒకటి ఎక్కాలి.

దిగగానే కేశవులు మొదలుపెట్టాడు.

"ఏం మద్దిలేటీ, ఎక్కుడంతా నీ ఏనుగు మూలుగుతానే వచ్చిందే. కాన్పు నొప్పులా?"

"నీ గుర్రం సంగతి నాకెరుక లేదా? దానికి లోడు చూపిస్తే చాలు, జ్వరం వస్తాది. రేడియేటరుకు నీళ్ళు కాదప్పా, కషాయం పొయ్యి."

"ఇంజను బలం చూడు, ఇంజను బలం! దిగుడులో నా బండి బ్రేకు అడగదు. కాలు పక్కన పెట్టుకొని పాటలు పాడుకుంటా దిగుతా."

"నేను మాత్రం తొక్కుతానా?"

మాట మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. పైనుంచి కనుమ అడుగు దాకా బ్రేకు ముట్టకుండా దిగాలి. ముందు బండి బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం వెలుగుతుంది, వెనకవాడికి తెలిసిపోతుంది. వెనకవాడు తొక్కితే, ఒట్టేసి దిగుతాడు కాబట్టి, తానే ఒప్పుకోవాలి. ఓడినవాడు మీసం గొరిగించుకోవాలి. ఇద్దరివీ గొప్ప మీసాలు, నూనె రాసి దువ్వినవి.

పెంచలయ్య రోడ్డు అంచుకు వెళ్ళి కిందికి చూశాడు. కింద పదకొండు మలుపులు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. లోయలో పచ్చదనం ఎంత అందంగా ఉంటుందంటే చూస్తూ చూస్తూ దిగిపోవాలనిపిస్తుంది, అదే దాని ప్రమాదం. అక్క ముఖం కళ్ళముందు మెదిలింది. "బావా, వద్దు" అన్నాడు.

"నువ్వు నా పక్కన కూర్చో. గుర్రమంటే ఏందో చూద్దువు" అన్నాడు కేశవులు, తాళం వేలికి తిప్పుతూ.

అప్పుడు లేచాడు ఉస్తాద్. కోప్పడతాడనుకున్నారు. కోప్పడలేదు. ఇద్దరి ముందూ అరచేతులు చాపి, తాళాలు ఇవ్వమన్నాడు. ఇచ్చారు. కేశవులు తాళం మద్దిలేటి చేతిలోనూ, మద్దిలేటి తాళం కేశవులు చేతిలోనూ పెట్టాడు.

"మీ బండి మంచిదని మీరు చెప్తే ఎవరు నమ్ముతారు? ఎదుటోడి బండి పనికిరాదంటిరి కదా. అది తోలి చూపించండి" అన్నాడు.

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. కాదంటే భయపడ్డట్టు. ఔనంటే, ఇన్నేళ్ళూ తిట్టిపోసిన బండిలో పాతిక టన్నుల రాయితో ఆ కనుమ దిగాలి. చివరికి మద్దిలేటే, "పోదాం పా" అని గుర్రం బండి వైపు నడిచాడు. ఉస్తాద్ వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. పెంచలయ్యను ఏనుగు బండిలో బావ పక్కన ఎక్కమని కళ్ళతోనే చెప్పాడు.

ఏనుగు బండి ముందు కదిలింది. కేశవులు సీటు రెండుసార్లు సర్దుకున్నాడు. కదలకముందే బ్రేకు తొక్కి చూశాడు, మళ్ళీ తొక్కి చూశాడు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలని ఉస్తాద్ మొదటి రోజు చెప్పే పాఠం. దాన్ని కేశవులు ఎప్పుడో పెళ్ళికి ముందు మర్చిపోయాడు. ఇవాళ మాత్రం, ఇంజనే బండిని పట్టి ఉంచేలా, రెండో గేరులో వేసి, దాన్నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ చప్పుడేందిరా?"

"ఏం చప్పుడు లేదు బావా."

"కిర్రుమనింది. విన్నా. దరిద్రపు బండి. తల బయటపెట్టి చూడు, పొగ వస్తాందా?"

"రావట్లేదు."

"రాకపోతే ఇంకా భయంరా. ఎప్పుడొస్తాదో తెలీదు."

మొదటి మలుపు. రెండో మలుపు. ప్రతి మలుపు ముందూ హారను కొట్టాడు, బండి నిలిచిపోతుందా అన్నంత నిదానంగా తిప్పాడు. చెమట చెవుల వెనకనుంచి కారి చొక్కా కాలరు తడిసింది. పెంచలయ్య తన రెండు కాళ్ళూ నేలకు అదిమి పట్టాడు, లేని బ్రేకు తొక్కుతున్నట్టు. బయట ఎండ ఆకుల మధ్యనుంచి రాలి రోడ్డు మీద నాణేల్లా పడుతోంది. అంత అందమైన పొద్దున చావు గుర్తుకు రావడం అన్యాయం అనిపించింది అతనికి.

ఏడో మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. రోడ్డంతా గొర్రెలు. వాటి మధ్యలో, సరిగ్గా నడిరోడ్డు మీద, ఒక ముసలామె కూర్చుని గొర్రెపిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీస్తోంది.

కేశవులు బ్రేకు తొక్కాడు. పెద్దగా తొక్కే పనిలేకపోయింది. బండి బుస్సుమని, ఆమెకు నాలుగు బారల దూరంలో ఆగింది.

ముసలామె తలెత్తి చూసింది. "ఒక్క నిమిషం ఓర్చుకో నాయనా, ముల్లు సగం వచ్చింది" అంది. తీరిగ్గా ముల్లు లాగి, పారేసి, పిల్లను భుజాన వేసుకుని, హోయ్ హోయ్ అంటూ మందను కొండవైపు తోలింది.

కేశవులు కదలలేదు. రోడ్డు ఖాళీ అయ్యాక కూడా స్టీరింగు పట్టుకుని అలాగే ఉన్నాడు. చాలాసేపటికి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "నా బండయితే ఈ మలుపు నాలుగో గేరులో తిరిగేవాణ్ణిరా."

ముసలామె కూర్చున్నచోట రోడ్డు మీద కాసింత గడ్డి పడి ఉంది. పెంచలయ్య దాన్నే చూస్తున్నాడు.

అడుగుకు చేరేసరికి గంట పట్టింది. వెనకనే గుర్రం బండి కూడా పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ఆగింది. ఉస్తాద్ దిగి, రెండు బండ్ల చక్రాల దగ్గరా వంగి, బ్రేకు డ్రమ్ముల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. కనుమ దిగిన లారీ డ్రమ్ము ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. చిన్న గేరులో నిదానంగా దిగిన ఇవి పసిబిడ్డ ఒళ్ళంత వెచ్చగా ఉన్నాయి, అంతే.

"ఎన్నిసార్లు తొక్కినావు?" అని అడిగాడు కేశవులు.

"లెక్కపెట్టలేదు. నీ బండి నమ్మి తొక్కకుండా వచ్చేదానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు మద్దిలేటి. "నీ ఎర్రదీపమూ చూసినాలే."

"నేనూ అంతే."

ఇద్దరూ ఒకరి మీసం ఒకరు చూసుకుని నవ్వారు. భయం దిగిపోయిన నవ్వు అది, కాస్త ఎక్కువే నవ్వారు. నవ్వు తగ్గేసరికి నోళ్ళు మళ్ళీ లేచాయి.

"పందెం తీరలేదప్పా. ఇయ్యి నా తాళం. రెండో కనుమ ఉందిగా, అక్కడ తేల్చుకుందాం, ఎవరి బండిలో వాళ్ళు."

"తేల్చుకుందాం పా. మంగలిని ఇప్పుడే పిలిపించుకో!"

ఒక్క నిమిషంలో తాళాలు మారాయి, తలుపులు మూసుకున్నాయి, రెండు ఇంజన్లూ ఒకేసారి రంకె వేశాయి. కేశవులు కిటికీలోనుంచి సగం బయటికి వంగి, "రారా పెంచలయ్యా! ఎక్కు! మన గుర్రం సంగతి ఇప్పుడు చూద్దువు!" అని అరిచాడు. ఇటునుంచి మద్దిలేటి, "ఏనుగు మీద కూర్చోరా, రాజువి అవుతావు!" అని హారను కొట్టాడు.

పెంచలయ్య రెండు బండ్ల మధ్య దుమ్ములో నిలబడిపోయాడు. ఉస్తాద్ వైపు తిరిగాడు. "చెప్పు ఉస్తాద్, ఇప్పుడన్నా చెప్పు. దేంట్లో ఎక్కేది?"

ఖాసింపీరా ఉస్తాద్ అరచేతులు దులుపుకున్నాడు.

"ఇందాక ఎదుటోడి బండి తోలే మీ బావ పక్కన నువ్వు కూర్చుంటే నాకు నీ గురించి దిగుల్లేదు పెంచలయ్యా. ఇప్పుడు ఎవరి బండి వాళ్ళు ఎక్కినారు."